ఫుట్‌బాల్ క్రీడాకారిణి లిల్లీ పార్

ఆటకు బలము కావలెను, నేర్పు కావలెను. ఈ రెండును ఉన్నను, ఆడుటకు చోటు లేనిచో ప్రతిభ వెలుగులోనికి రాజాలదు. వేలకొలది ప్రేక్షకుల మెప్పు పొందియు, ఒక్క తీర్మానముతో మైదానములు మూతపడగా, ఆటను మాత్రము విడువని వనితలు కొందరు ఇంగ్లండు దేశమున ఉండిరి. వారిలో మేటి లిల్లీ పార్.

ఈమె 1905వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన లాంకషైరులోని సెయింట్ హెలెన్సు పట్టణమున ఒక శ్రామిక కుటుంబములో జన్మించెను. ఏడుగురు సంతానములో ఈమె ఒకతె. చిన్ననాట సోదరులతో కూడి ఫుట్‌బాలును, రగ్బీని ఆడి కాళ్లకు బలమును, మనస్సునకు ధైర్యమును సంపాదించుకొనెను.

అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. పురుషులు రణరంగమునకు తరలిపోగా, కర్మాగారములలో వారి పనులను స్త్రీలు చేపట్టిరి. ప్రెస్టన్ పట్టణమున డిక్, కెర్ అను కంపెనీ వారి కర్మాగారము ఉండెను. అందలి స్త్రీలు పగలంతయు మందుగుండు సామగ్రి తయారుచేయుచు, విరామవేళల బంతి ఆడుచుండిరి. 1917వ సంవత్సరము క్రిస్మస్ పండుగనాడు వారు డీప్‌డేల్ మైదానమున పందెమాడగా 10,000 మంది చూడవచ్చిరి. వచ్చిన ధనమును గాయపడిన సైనికుల ఆసుపత్రికి ఇచ్చిరి.

1920వ సంవత్సరమున, పదునైదేండ్లు నిండీ నిండని వయస్సున, లిల్లీ ఆ జట్టులో చేరెను. ఆమె స్థానము ఎడమ అంచు. ఆ స్థానమునందలి క్రీడాకారులు మైదానపు అంచు వెంబడి పరుగెత్తి, ప్రత్యర్థులను తప్పించుకొని, బంతిని గోలు ఎదుటనున్న తమవారికి అందింపవలయును. ఆనాటి బంతి తోలుతో చేసినది. వాన కురిసినచో నీరు పీల్చి మిక్కిలి బరువెక్కెడిది. అట్టి బంతినైనను లిల్లీ ఎడమకాలితో తన్నినచో గురి తప్పక దూరమునకు పోవుచుండెను.

అదే యేట డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్ నగరమందలి గుడిసన్ పార్కు మైదానమున ఈ జట్టునకును, సెయింట్ హెలెన్సు స్త్రీల జట్టునకును పందెము జరిగెను. 53,000 మంది లోపలికి వచ్చి చూచిరి. చోటు చాలక వేలమంది మరలిపోయిరి. ధర్మకార్యములకై 3,000 పౌనులకు పైగా సమకూరెను.

ఇంత ఆదరమున్న ఆటకు మరుసటి యేడే విఘ్నము కలిగెను. 1921వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘమువారు ఒక తీర్మానము చేసిరి. ఈ ఆట స్త్రీలకు తగదనియు, వసూలైన ధనములో అధికభాగము ఖర్చులకే పోవుచున్నదనియు వారు చెప్పిరి. స్త్రీలు ఆడరాదని శాసించు అధికారము ఆ సంఘమునకు లేదు. కాని పెద్ద మైదానములు దాని సభ్యులైన క్లబ్బుల అధీనమున ఉండెను. ఆ క్లబ్బులు తమ మైదానములను స్త్రీల పందెములకు ఈయరాదని కట్టడి చేయుటతో, ఆటను నిషేధించినంత పని జరిగెను.

డిక్, కెర్ జట్టువారు మాత్రము వెనుదీయలేదు. సంఘముతో సంబంధము లేని మైదానములను వెదకికొని ఆడసాగిరి. 1922వ సంవత్సరమున సముద్రము దాటి పోయిరి. కెనడాలో వారికి అనుమతి లభింపలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పురుషుల జట్లతోనే తొమ్మిది పందెములాడి, మూడు గెలిచి, మూడు సమము చేసి, మూడింట ఓడిరి.

లిల్లీ ప్రెస్టన్ చేరువనున్న విటింగ్‌హాం మానసిక చికిత్సాలయమున నర్సుగా పనిచేయుచు జీవనము గడపెను. ఒకవైపు రోగుల సేవ, మరియొకవైపు ఆట. ఇట్లు సుమారు ముప్పదియేండ్లు ఆడి, ఆ జట్టునకు నాయకురాలై, నలుబదియైదవ యేడు సమీపించిన పిమ్మటనే ఆమె ఆట మానెను.

ఆ నిషేధము 1971వ సంవత్సరమున గాని పూర్తిగా తొలగలేదు. అప్పటికి లిల్లీకి అరువదియారేండ్లు. 1972లో ఇంగ్లండు మహిళల అధికార జట్టు తన మొదటి అంతర్జాతీయ పందెము ఆడెను. 1978వ సంవత్సరము మే 24వ తేదీన లిల్లీ మరణించెను. 2002లో ఇంగ్లండు ఫుట్‌బాల్ కీర్తిమందిరమున చేర్చుకొనబడిన మొదటి మహిళ ఆమెయే. 2019లో మాంచెస్టరు నగరమందలి జాతీయ ఫుట్‌బాల్ ప్రదర్శనశాలలో ఆమె విగ్రహమును నెలకొల్పిరి.

2022వ సంవత్సరము జూలై 31వ తేదీన వెంబ్లీ మైదానమున ఇంగ్లండు మహిళలు జర్మనీని ఓడించి ఐరోపా విజేతలైరి. ఆనాటి ప్రేక్షకులు 87,192 మంది. ఒకనాడు తలుపులు మూసిన దేశముననే అంత జనసమూహము మహిళల ఆటకు కరతాళధ్వనులు చేసెను. మైదానము దొరకనినాడును బంతిని విడువని లిల్లీ వంటివారు వేసిన బాటలోనే ఆ విజేతలు నడచిరి. నేలను నిరాకరింపవచ్చును గాని, నేర్చిన విద్యను ఎవ్వరును అపహరింపజాలరు.