మెటామెటీరియల్ సబ్‌స్ట్రేట్‌తో మైక్రోస్ట్రిప్ యాంటెన్నా పరిమాణ తగ్గింపు: సాధ్యత, పరిమితులు

నావిక్ ఉపగ్రహాలు ఎల్‌5 బ్యాండ్‌లో 1176.45 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద సంకేతాలను ప్రసారం చేస్తాయి. శూన్యంలో దీని తరంగదైర్ఘ్యం సుమారు 255 మి.మీ. మైక్రోస్ట్రిప్ ప్యాచ్ పొడవు సబ్‌స్ట్రేట్ లోపలి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉన్నప్పుడు అనునాదం ఏర్పడుతుంది. కనుక గాలి మాధ్యమమైతే 127 మి.మీ., పర్మిటివిటీ 4.4 గల ఎఫ్‌ఆర్-4 పలకపైన సుమారు 60 మి.మీ. ప్యాచ్ అవసరమవుతుంది. అరచేతిలో ఇమడవలసిన రిసీవర్‌కు ఇది కూడా ఎక్కువే.

పర్మిటివిటీని 9కి పెంచితే ప్యాచ్ 42 మి.మీ.కు కుదించుకుంటుంది. అయితే వికిరణమయ్యే శక్తితో పోలిస్తే ప్యాచ్ కింద నిల్వ ఉండే శక్తి పెరిగి, బ్యాండ్‌విడ్త్ తగ్గిపోతుంది. పలక మందం పెంచి దీనిని సరిదిద్దబోతే ఉపరితల తరంగాల నష్టం ఎదురవుతుంది.

ప్యాచ్ పొడవును నిర్ణయించేది పర్మిటివిటీ ఒక్కటే కాదు. పర్మిటివిటీ, పర్మియబిలిటీల లబ్ధం. 9×1కు బదులు 3×3 తీసుకున్నా పొడవు మారదు. హాన్సెన్, బర్క్ 2000లో ప్రకటించిన ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, లబ్ధం స్థిరంగా ఉన్నప్పుడు బ్యాండ్‌విడ్త్ పర్మియబిలిటీ, పర్మిటివిటీల నిష్పత్తి వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే రెండవ సబ్‌స్ట్రేట్‌కు కాగితం మీద మూడు రెట్ల లాభం. సహజ ఫెర్రైట్‌లలో గిగాహెర్ట్జ్ స్థాయిలో నష్టాలు అధికం. అయస్కాంత గుణం లేని రాగి వలయాలతోనే పర్మియబిలిటీని సృష్టించవచ్చని పెండ్రీ బృందం 1999లో చూపడంతో యాంటెన్నా రూపకర్తల దృష్టి మెటామెటీరియల్స్ వైపు మళ్లింది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ప్యాచ్ కింద అయస్కాంత క్షేత్రం గ్రౌండ్ తలానికి సమాంతరంగా ఉంటుంది. చీలిక వలయం గుండా ఆ క్షేత్రం చొచ్చుకుపోవాలంటే వలయతలం నిటారుగా నిలబడాలి. అప్పుడు వలయం ఎత్తు పలక మందానికి లోబడి ఉంటుంది. పలకపై పడుకోబెట్టి ముద్రించిన వలయాలకు ఆ క్షేత్రం దాదాపు అందదు. గ్రౌండ్ తలంలో చెక్కిన పూరక వలయాలను ప్రేరేపించేది ప్రధానంగా నిలువు విద్యుత్ క్షేత్రం. వాటివల్ల కూడా ప్యాచ్ చిన్నదవుతుంది, కాని ఆ ఫలితాన్ని పర్మియబిలిటీకి ఆపాదించడం సరికాదు.

అసలు చిక్కు విక్షేపణంలో ఉంది. వలయాల పర్మియబిలిటీ వాటి అనునాదం వల్లనే వస్తుంది కాబట్టి పౌనఃపున్యంతో పాటు మారుతుంది. అలాంటి మాధ్యమంలో అయస్కాంత శక్తి సాంద్రతను నిర్ణయించేది పర్మియబిలిటీ విలువ మాత్రమే కాదు, పౌనఃపున్యంతో అది మారే రేటు కూడా. వలయాలలో అదనంగా నిల్వ అయ్యే ఈ శక్తిని హాన్సెన్–బర్క్ సూత్రం లెక్కలోకి తీసుకోదు. ఇకోనెన్, ట్రెట్యకోవ్ తదితరులు 2006లో దానిని కూడా లెక్కించి, అంతే పరిమాణ తగ్గింపునిచ్చే సాధారణ డైఎలెక్ట్రిక్ కంటే కృత్రిమ అయస్కాంత సబ్‌స్ట్రేట్ బ్యాండ్‌విడ్త్ తక్కువేనని చూపారు. విక్షేపణం స్వల్పంగా ఉండే సహజ అయస్కాంత పదార్థాలకు ఈ నిర్ణయం వర్తించదు. తక్కువ పౌనఃపున్యాల వద్ద అవి నిజంగానే ఉపకరిస్తాయి.

అందుచేత మెటామెటీరియల్ ప్యాచ్‌ను గాలి మాధ్యమపు ప్యాచ్‌తో పోల్చి ఇంత శాతం తగ్గిందని ప్రకటించడం చాలదు. అదే పరిమాణం, అదే మందం, అదే గ్రౌండ్ తలం గల అధిక పర్మిటివిటీ ప్యాచ్‌తో పోల్చాలి. బ్యాండ్‌విడ్త్‌తో పాటు కొలిచిన వికిరణ సామర్థ్యాన్ని కూడా ఇవ్వాలి. నష్టాలు పెరిగినా బ్యాండ్‌విడ్త్ విస్తరించినట్లే కనిపిస్తుంది.