డాలియా సాగులో పారవేయడమనే పని

ఒకే డాలియా పువ్వు నుండి తీసిన నూరు గింజలు నాటితే, మడిలో నూరు తీరుల పూలు పూయవచ్చు. తల్లి మొక్కను అచ్చంగా పోలినది ఒక్కటీ కానరాకపోవచ్చు. చాలా పంటల్లో క్రోమోజోములు రెండు సముదాయాలుగా ఉంటే, తోట డాలియాలో ఎనిమిది సముదాయాలుగా, మొత్తం 64 ఉంటాయి. ప్రతి సంకరణంలోనూ అవి కొత్తగా కలబోసుకుంటాయి. కనుక కొత్త రకం విత్తనం వల్ల పుడుతుంది. పుట్టినదాన్ని మారకుండా నిలబెట్టేది దుంప, లేదా కొమ్మ ముక్క. ఈ రెంటి నడుమ పూల క్షేత్రం నడిపే కుటుంబానికి మరొక పని ఉంది. అది పారవేయడం.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కాన్బీ వద్ద ఉన్న స్వాన్ ఐలాండ్ డాలియాస్ 1927లో మొదలైన క్షేత్రం. గిట్స్ కుటుంబం దశాబ్దాలుగా దానిని నడుపుతూ, సుమారు 40 ఎకరాల్లో డాలియా సాగు చేస్తూ, సొంతంగా కొత్త రకాలను రూపొందిస్తోంది. ఇటువంటి క్షేత్రాల్లో పరాగ సంపర్కాన్ని చాలావరకు తేనెటీగలకే వదలుతారు. డాలియా కూడా పొద్దుతిరుగుడు కుటుంబానిదే. మనం పువ్వు అనుకునేది అనేక చిరుపూల గుత్తి. ముద్దపూలలో మధ్యనున్న చిరుపూలు ఆలస్యంగా విచ్చుకుంటాయి. అప్పటికి పువ్వు వాడి కోతకు పనికిరాదు. విత్తనం కావలసినవారు అలా వాడిన పూలనే మొక్కపై ఉంచాలి.

విత్తనపు మొక్క నాటిన ఏడాదే పూస్తుంది, కనుక రంగు, ఆకారం వెంటనే తెలుస్తాయి. కోతపూల కోసమైతే కాడ బలం, పువ్వు ఏ వైపు తిరిగి ఉంటుంది, కోశాక ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నవి ముఖ్యం. మొదటి ఏడే అధిక భాగం మొక్కలను పీకివేస్తారు. మిగిలినవాటి దుంపలను శీతాకాలమంతా నిల్వచేస్తే మరికొన్ని రాలిపోతాయి. పువ్వు ఎంత అందంగా ఉన్నా దుంప కుళ్ళితే ఆ రకం అక్కడితో సరి. 1872లో మెక్సికో నుండి హాలండు చేరిన దుంపల పెట్టెలో ఒక్కటే బతికిందని, కాక్టస్ డాలియాల వంశానికి అదే మూలమని చెబుతారు. అంతటి అదృష్టాన్ని నమ్ముకొని క్షేత్రం నడపలేము.

దుంపల విభజనలో మన రైతులు పొరబడే చోటు ఒకటుంది. చిలగడదుంప తన ఒంటి మీద ఎక్కడినుండైనా మొలకెత్తగలదు. డాలియా దుంపకు ఆ శక్తి లేదు. పాత కాండపు మొదలుతో కూడిన కన్ను ఉంటేనే చిగురు వస్తుంది. మెడ విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా వృథాయే. ఒక మొక్క కింద కన్ను గల దుంపలు ఐదు దొరికాయనుకుందాం. రెండవ ఏట 5 మొక్కలు, మూడవ ఏట 25, నాలుగవ ఏట 125, ఐదవ ఏట 625. అమ్మకానికి తగినంత సంఖ్య రావడానికే ఇన్నేళ్ళు పడుతుంది. కొమ్మ ముక్కలతో కొంత త్వరపెట్టవచ్చు.

ఈ లెక్కను తారుమారు చేసేది మొజాయిక్ వైరస్. పేనుబంక ద్వారా మొక్కనుండి మొక్కకు, దుంప ద్వారా ఏటినుండి ఏటికి సాగుతుంది. ఆకు ఈనెల వెంట పసుపు చారలు, గిడసబారిన మొక్క దీని లక్షణాలు. కొన్ని రకాల్లో లక్షణాలు కనపడనే కనపడవు. మందు లేదు. నాలుగేళ్ళు పెంచుకున్న రకంలో ఇది బయటపడితే, తెగులు సోకిన మొక్కలను దుంపలతో సహా తీసి నాశనం చేయడమే మార్గం. ‘మరొక్క ఏడు చూద్దాం’ అని ఆగితే పక్క సాళ్ళు కూడా పోతాయి. నా దృష్టిలో కుటుంబ క్షేత్రానికి అసలైన పరీక్ష ఇదే. ఆ మొక్కను తొలిసారి ఎంపిక చేసినవారే దానిని పీకవలసి వస్తుంది.

మన మైదానాల్లో డాలియా చలికాలపు పూవు. సెప్టెంబరు-అక్టోబరులో నాటితే శీతాకాలంలో పూస్తుంది. నీరు నిలవని నేల, నాటేటప్పుడే పాతిన ఊతకర్ర, తొలి దశలో తల తుంచడం తప్పనిసరి. అసలు చిక్కు పూత ముగిశాక మొదలవుతుంది. ఒరెగాన్ రైతు దుంపను మంచు బారినుండి కాపాడితే, మనం ఏప్రిల్, మే నెలల ఎండనుండి కాపాడాలి. పొడి ఇసుకలో, నీడలో, గాలి ఆడే చోట ఉంచి, పదిహేను రోజులకొకసారి తీసి చూడాలి. ముడతపడుతుంటే ఇసుకపై కొద్దిగా తడి చిలకరించాలి. మెత్తబడినదాన్ని ఆనాడే వేరుచేయాలి. సొంతంగా విత్తనపు మొక్కలు పెంచి చూడదలచినవారు ఏ రకం దుంపలు వేసవి దాటాయో చీటీ కట్టి రాసిపెట్టుకొని, పూల రంగుల కన్న ముందు ఆ చీటీలను చూడాలి.