వృత్తివిద్య – పైచదువు

ప్రతి సంవత్సరమును పదవ తరగతి పరీక్షాఫలితములు తెలియగానే కొందఱు తల్లిదండ్రులు మా పాఠశాలకు వత్తురు. వారిలో రేవునందు బరువులు దింపువారు కలరు. ఉక్కు కర్మాగారమున పనిచేయువారు కలరు. సముద్రముపై వలవేసి జీవించువారును కలరు. వారెల్లరు నడుగు ప్రశ్న యొక్కటియే: "మాష్టారూ, మావాణ్ణి చదివించమంటారా, పనిలో పెట్టమంటారా?"

ఈ ప్రశ్నయం దొక పొరపాటు దాగియున్నది. చదువు వేఱు, పని వేఱు అనియు, ఒకదానిని పట్టినవాడు రెండవదానిని విడువవలసినదే యనియు దాని భావము. మేమును చిరకాలము అట్లే తలచితిమి. ఆ తలంపువలన మా శిష్యు డొకడు నష్టపోయెను. అట్టి నష్టము మఱియొకనికి కలుగకుండుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట ఒకే తరగతిలో చదివిన యిద్దఱు బాలురు పరీక్ష నెగ్గిరి. ఇద్దఱికిని యంత్రములపై మక్కువ. ఇద్దఱి యిండ్లలోను ఇబ్బందియే. మొదటివాడు మమ్మడుగగా, "వెల్డరు శిక్షణ యొక్క సంవత్సరముతో ముగియును. త్వరగా సంపాదింపవచ్చును" అని చెప్పితిమి. రెండవవాడు తన మేనమామ మాట విని రెండు సంవత్సరముల ఫిట్టరు శిక్షణలో చేరెను. మొదటివాడు మంచి పనివాడయ్యెను. ఓడలు బాగుచేయు కాంట్రాక్టరు వద్ద కుదిరెను. అయిననేమి? పర్యవేక్షకుని కొలువునకు సాధారణముగా డిప్లొమా యడుగుదురు. నాలుగేండ్లకు అతడు మాయొద్దకు వచ్చి, "నా తోటివాడు పాలిటెక్నిక్కులో ఏకముగా రెండవ సంవత్సరములో చేరినాడండి. నాకు వీలవుతుందా?" అని యడిగెను. విచారింపగా వీలుకాదని తేలినది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి నియమము ప్రకారము, ఐ.టి.ఐ. చదివినవారిలో, పదవ తరగతి పైని రెండు సంవత్సరముల చదువు నెగ్గినవారికే ఆ ప్రవేశము కలదు. ఒక్క సంవత్సరము మిగిల్చితిమని సంతసించిన మేము అతనికి ఆ ద్వారమునే మూసితిమి. మొదటి సంవత్సరమునుండి చేరుటకు త్రోవ యున్నది గాని, మూడేండ్లు కూలి మానుకొని చదువుటకు ఆ కుటుంబమునకు శక్తి లేకుండెను.

ఇక ఆ మెట్ల లెక్కను చూతము. పదవ తరగతి పైని రెండేండ్లు ఐ.టి.ఐ. చదివి, నియమింపబడిన బ్రిడ్జి కోర్సును నెగ్గి, మూడేండ్ల డిప్లొమాలో రెండవ సంవత్సరమున చేరినవానికి అచ్చట మిగులునవి రెండేండ్లే. డిప్లొమా ముగించినవాడు ఈసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, నాలుగేండ్ల ఇంజనీరింగు పట్టపు చదువులో రెండవ సంవత్సరమున చేరవచ్చును. అచ్చట మిగులునవి మూడు. మొత్తము 7 సంవత్సరములు. పూర్వపు శిక్షణ నెవ్వరును లెక్కింపక ప్రతి మెట్టును మొదటినుండి చదువుమన్నచో 9 సంవత్సరములు పట్టును. ఇంటర్మీడియట్ ద్వారా పోవువారికి 6 పట్టును. అనగా వృత్తిమార్గమున పోవువానికి ఒక సంవత్సరము మాత్రమే యెక్కువ. అయితే దారిలో రెండు చోట్ల ఆగి కడుపునింపుకొనుటకు తగిన పత్రము చేతనుండును. బీదవాని బిడ్డకు ఇది స్వల్పలాభము కాదు.

ఇంటర్మీడియట్ నందు వృత్తికోర్సులు చదివినవారికిని త్రోవ కలదు. వారు గణిత, భౌతిక, రసాయన శాస్త్రములందు బ్రిడ్జి కోర్సు నెగ్గినచో ఇంజనీరింగు ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును.

చేతిపనిని చదువుతో కలుపవలెనను మాట క్రొత్తది కాదు. ఆబట్, వుడ్ అను ఆంగ్లేయులు మనదేశమునకు వచ్చి, వృత్తివిద్యాలయములు సామాన్య విద్యాలయములతో సమానముగా నుండవలెనని 1937లో నివేదిక నిచ్చిరి. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి సంఘము బహుళార్థ పాఠశాలలను స్థాపింపుమనెను. 1964-66లో కొఠారీ సంఘమును వృత్తివిద్యను నొక్కి చెప్పెను. అయినను పాఠశాలలోని వృత్తితరగతికిని కళాశాలకును నడుమ వంతెన చాలినంతగా పడలేదు. అమెరికాలో ననేక ప్రాంతములందు ఉన్నత పాఠశాలయు స్థానిక కళాశాలయు ముందుగానే ఒడంబడిక చేసికొనును. పాఠశాలలో నేర్చిన వృత్తిపాఠము కళాశాలలో జమయగును. ఆ జమకే క్రెడిట్ అని పేరు.

మనదేశమునను 2020 నాటి జాతీయ విద్యావిధానము పిమ్మట ఈ మార్గమున ప్రయత్నము మొదలయ్యెను. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము క్రెడిట్ల బ్యాంకునకు నిబంధనలు చేసెను. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ ప్రణాళిక పాఠశాల చదువును, వృత్తిశిక్షణను, కళాశాల చదువును ఒకే కొలతతో కొలుచుచున్నది. 30 గంటల శ్రమ యొక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు, అనగా 40 క్రెడిట్లు. ఆ గంటలలో తరగతిపాఠమే కాక ప్రయోగశాలలోను కర్మశాలలోను చేసిన పనియు చేరును. అయితే గంటలు గడిపినంతనే క్రెడిట్ రాదు, పరీక్షయందు నెగ్గవలెను. మఱియు ఖాతాలో క్రెడిట్ ఉన్నంతనే కళాశాలలో స్థానము దొరకదు. చేర్చుకొను విద్యాసంస్థ నియమములను అనుసరించియే అది చెల్లును.

కావున విద్యార్థులారా, మూడు సంగతులు మఱవకుడు. మొదటిది: ఏ ట్రేడులో చేరుటకైనను ముందు దాని కాలపరిమితి యెంత, దానిపై నే చదువునకు త్రోవ యున్నదో అడిగి తెలిసికొనుడు. రెండవది: గణితమును విడువకుడు. ఈసెట్ 200 మార్కులలో 100 గణిత, భౌతిక, రసాయన శాస్త్రములకే కేటాయింపబడినవి. సుత్తి పట్టిన చేతితోనే లెక్కలును చేయవలసియున్నది. మూడవది: మార్కుల పత్రములను, శిక్షణపత్రములను భద్రపఱచుడు, అన్నిటను పేరును పుట్టినతేదియు పదవ తరగతి పత్రమునందున్నట్లే యుండునట్లు చూచుకొనుడు.

1933లో రేవు తెఱవబడినది మొదలు, 1948లో 'జల ఉష' నౌక యిచ్చట జలప్రవేశము చేసినది మొదలు, ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది మొదలు, మన పట్టణము పనివాని చేతిమీదనే పెరిగినది. ఆ చేతికి చదువు మెట్లు చూపుట ఉపాధ్యాయుల ధర్మము. కంచరపాలెముననే ఐ.టి.ఐ.యు కలదు, ప్రభుత్వ పాలిటెక్నిక్కును కలదు. ఒకే పేటలోని యా రెండు వాకిళ్లకు నడుమ నున్న దారిని మేము తెలిసికొనుటకు ఇన్నేండ్లు పట్టినందుకు సిగ్గుపడుచున్నాము.

ఆ వెల్డరు తమ్ముడు నిరుడు మా పాఠశాలయందే పదవ తరగతి నెగ్గెను. దరఖాస్తు నింపునాడు అన్న పని మానుకొని వచ్చి ప్రక్కన కూర్చుండెను. మేము వ్రాసిన ప్రతి పంక్తిని వ్రేలితో చూపి చదువుకొని, "రెండేళ్ల ట్రేడే కదండీ, మాష్టారూ?" అని రెండుమాఱు లడిగి, ఆ తరువాతనే తమ్మునిచేత సంతకము చేయించెను.