పాత పికప్‌కు ముందు అద్దం: ఇంటి దగ్గర బిగించుకోవచ్చా?

తెనాలి మార్కెట్‌కు నిమ్మకాయల బస్తాలు తెచ్చే పికప్పులు, నిజాంపట్నం హార్బరు నుంచి రేపల్లె మీదుగా చేపలు, రొయ్యలు మోసే బళ్లు, బాపట్ల చుట్టుపక్కల ధాన్యం ఎత్తే పాత ట్రక్కులు ఎప్పుడో ఒకప్పుడు ముందు అద్దం మార్చుకోవాల్సిందే. ముందు పోతున్న టిప్పరు టైరు కింద నుంచి కంకర రాయి ఒకటి ఎగిరితే చాలు. అద్దం దొరకడం కష్టమేం కాదు. ఇద్దరు మనుషులు, ఒక పూట తీరిక ఉంటే బిగించడమూ కష్టం కాదు. చిక్కంతా అద్దం కూర్చునే ఇనుప అంచుతోనే.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. అద్దం చుట్టూ లోపలా బయటా మందపాటి రబ్బరు కనిపిస్తే ఆ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. రబ్బరు పట్టు లేకుండా గమ్ముతో నేరుగా బాడీకి అతికించిన అద్దమైతే షెడ్డుకే తీసుకెళ్లండి. ఆ గమ్ము సరిగ్గా పట్టకపోతే ప్రమాదంలో అద్దం ఊడి వచ్చేస్తుంది.

కొనేటప్పుడు లామినేటెడ్ అద్దమే అడగండి. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది పగిలినా ముక్కలు మీద పడవు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్డ్ బెనెడిక్టస్ ఈ తరహా గాజుకు 1909లో పేటెంట్ తీసుకున్నారు. మన మోటారు వాహనాల నిబంధనలు కూడా ముందు అద్దం లామినేటెడ్‌దే ఉండాలంటున్నాయి, దానిగుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలంటున్నాయి. నల్ల ఫిల్ము అతికించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. అద్దం మూలలో ఐఎస్‌ఐ ముద్ర ఉందో లేదో చూసుకుని, దాంతో పాటే కొత్త రబ్బరు కూడా కొనండి. ఎండకు గట్టిపడిన పాత రబ్బరుతో ఎంత జాగ్రత్తగా బిగించినా నీళ్లు కారతాయి.

పాత అద్దం తీసేటప్పుడు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. వైపర్లు విప్పి, డ్యాష్‌బోర్డు మీద పాత దుప్పటి పరవండి. రబ్బరు బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేస్తే, లోపలి నుంచి మెల్లగా తోసినప్పుడు అద్దం బయటికి వస్తుంది. బయట నిలబడిన మనిషి దాన్ని అందుకోవాలి.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మన తీరంలో ఉప్పుగాలి ఉంది, చేపల బళ్లలో కరిగిన ఐసు నీళ్లూ ఉంటాయి. రబ్బరు కింద చేరిన తడి ఆరే దారి ఉండదు. అందుకే కింది రెండు మూలల్లో తుప్పు ముందుగా పుడుతుంది. అంచును వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకండి. తర్వాత ప్రైమరు, దాని మీద పెయింటు వేసి, పూర్తిగా ఆరనివ్వండి. చిల్లులు పడి ఉంటే పుట్టీతో కప్పకండి, టింకరింగ్ మేస్త్రి చేత రేకు వేయించండి. తుప్పు ఉబ్బిన చోట రబ్బరు సమంగా కూర్చోదు. అద్దం మీద ఒత్తిడి ఒక్కచోటే పడుతుంది. కొత్త అద్దం ఏ రాయీ తగలకుండానే చిట్లిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

రబ్బరుకు రెండు గాళ్లు ఉంటాయి. ఒకదానిలో అద్దం, రెండోదానిలో బాడీ అంచు కూర్చుంటాయి. మంచం మీద దుప్పటి పరిచి, అద్దం పెట్టి, చుట్టూ రబ్బరు తొడగండి. రెండో గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ దూర్చి, కొసలు రెండూ కింద మధ్యలో జానెడు మేర ఒకదాన్నొకటి దాటేలా లోపలివైపు వదలండి. అంచుకూ రబ్బరుకూ సబ్బునీళ్లు రాయండి. గ్రీజు, ఆయిలు వద్దు, అవి రబ్బరును తినేస్తాయి.

ఇద్దరూ అద్దాన్ని ఎత్తి, ముందు కింది అంచు కూర్చోబెట్టండి. ఒకరు లోపల కూర్చుని తాడు కొసను నెమ్మదిగా లాగుతుంటే, రబ్బరు పెదవి లేచి ఇనుప అంచును దాటుకుని లోపలికి వస్తుంది. తాడు ఎక్కడ ఉంటే బయటి మనిషి అక్కడే అరచేత్తో నొక్కాలి. మూల దగ్గర బిగుసుకుంటే సుత్తి ముట్టుకోకండి. ఆగి, అద్దం ఒక పక్కకు జరిగిందేమో చూసి, మళ్లీ సబ్బునీళ్లు రాయండి. ఎండలో కాసేపు ఉంచిన రబ్బరు మెత్తబడి, మాట వింటుంది.

చివర్లో రబ్బరు పెదవుల కింద గట్టిపడని రకం సీలెంటు పట్టించండి. పులిసిన వాసన వచ్చే మామూలు సిలికాన్ వాడితే, ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం ఇనుముకు మళ్లీ తుప్పు తెస్తుంది. మర్నాడు పైపుతో నీళ్లు కొట్టి చూడండి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తే ఏ చోట కారుతోందో తేలిగ్గా తెలుస్తుంది. పక్క నుంచి కూడా కొట్టండి. 2023 డిసెంబరు 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూసినట్టు, ఇక్కడ వాన ఎప్పుడూ నిట్టనిలువుగానే పడదు.

డబ్బు సంగతీ చూసుకోండి. బండికి కాంప్రిహెన్సివ్ బీమా ఉంటే గాజుకు తరుగుదల కోత ఉండదు, రబ్బరుకు మాత్రం సగం కోస్తారు. క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ పోయే అవకాశం ఉంది. కాబట్టి రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోండి. బీమాకు వెళ్లాలనుకుంటే పాత అద్దం విప్పకముందే కంపెనీకి చెప్పాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అందులో ముందు అద్దాన్నీ వైపర్లనూ చూస్తారు. ఆ గడువుకు కనీసం వారం ముందే పని పెట్టుకుంటే, పెయింటు ఆరకుండానే అద్దం ఎక్కించే తొందర ఉండదు.