గంజాయి వనంలో చట్టం

మత్తుపదార్థాల నిషేధం ఫలితమిస్తోందా అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు సాధారణంగా కిలోల్లోనూ ఎకరాల్లోనూ సమాధానం చెబుతాయి. 2021 చివర ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట విశాఖ మన్యంలో ఏడున్నర వేల ఎకరాలకు పైబడిన గంజాయి తోటలను నరికించినట్లు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రకటించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు రెండు లక్షల కిలోల సరుకును గుట్టలుగా పోసి తగలబెట్టారు. ఆ లెక్కలో అబద్ధం లేదు. అయితే పట్టుబడిన సరుకు పోలీసుల శ్రమకు కొలమానమే గాని మత్తు తగ్గిందనడానికి కొలమానం కాదు. పట్టివేతలు పెరిగాయంటే నిఘా పెరిగిందని చెప్పుకోవచ్చు, రవాణాయే పెరిగిందనీ చెప్పుకోవచ్చు. తగ్గితే వ్యాపారం అణిగిందనవచ్చు, దారి మార్చుకుందనీ అనవచ్చు. ఎటు తిరిగినా గెలిపించే అంకెతో ఒక విధానాన్ని అంచనా కట్టడం కష్టం.

నిషేధం అంటే ఏమిటో ముందుగా నిర్వచించుకోవాలి. ఒక పదార్థాన్ని పండించడం, తయారుచేయడం, తరలించడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం, వాడడం అన్నిటినీ నేరాలుగా పరిగణించి శిక్షించడం నిషేధం. లైసెన్సు ఇచ్చి, పన్ను వేసి, ఎవరు ఎంత కొనవచ్చో నిర్ణయించడం నియంత్రణ. గంజాయి, నల్లమందుల విషయంలో భారతదేశం చాలాకాలం ప్రధానంగా రెండో దారిలోనే నడిచింది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన గంజాయి విచారణ సంఘం వెయ్యికి పైగా సాక్షులను విచారించి, మరుసటి ఏడాది ఏడు సంపుటాల నివేదిక సమర్పించింది. గంజాయి వల్ల మతి చలిస్తుందన్న ఆరోపణకు ఆధారంగా చూపుతున్న పిచ్చాసుపత్రుల రిజిస్టర్లను తెప్పించి పరిశీలించగా, రోగి పిచ్చికి కారణం అన్న గడిలో సరైన విచారణ లేకుండానే గంజాయి అని రాసిన సందర్భాలు అనేకం బయటపడ్డాయి. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం ఆ సంఘం చేసిన అసలు పని. మితమైన వాడకం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదని, అతి వాడకం హానికరమని, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు యుక్తమూ కాదని, పన్నులతోనూ లైసెన్సులతోనూ వాడకాన్ని అదుపులో ఉంచాలని అది తేల్చింది.

ఈ దారి మారడానికి మూలం దేశంలో కన్నా బయటే ఎక్కువగా ఉంది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఒప్పందం గంజాయి వైద్యేతర వాడకాన్ని 25 ఏళ్లలోగా ఆపాలని సభ్యదేశాలకు గడువు పెట్టింది; ఆ గడువు దగ్గరపడుతుండగా పార్లమెంటు ఆమోదించిన నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టాన్సెస్ చట్టం, క్లుప్తంగా ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఒప్పందంలోనూ చట్టంలోనూ గంజాయి అంటే మొక్క పూత, కాయలతో కూడిన కొసలు మాత్రమే. కొసలు లేని ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. అందువల్ల ఆకుతో చేసే భంగు ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో దొరుకుతుంది, అదే మొక్క పువ్వు ఇరవై కిలోలకు మించితే కనీసం పదేళ్ల కఠిన కారాగారం పడుతుంది. ఈ తేడాకు వైద్యశాస్త్రంలో పెద్దగా ఆధారం లేదు, శివరాత్రి, హోలీ సంప్రదాయాల్లో ఉంది. తరువాతి కాలంలో, 2020 డిసెంబర్‌లో, గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుంచి తొలగించడానికి ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో జరిగిన ఓటింగులో భారతదేశం అనుకూలంగా ఓటేసింది. దేశీయ చట్టం మాత్రం అలాగే ఉంది.

నిషేధం ఏం చేయగలదో, ఏం చేయలేదో తూచి చూడడానికి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని విశాఖ మన్యం కొండలకు మించిన చోటు తెలుగు నేలపై లేదు. చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల లోయల్లో పండే ‘శీలావతి’ రకానికి చెన్నై, కొచ్చి దాకా గిరాకీ ఉంది. తొలకరికి నాటిన మొక్క చలికాలానికి కోతకొస్తుంది. పెట్టుబడి రైతుది కానవసరం లేదు. మైదానం నుంచో పక్క రాష్ట్రం నుంచో వచ్చిన వ్యాపారి ముందే అడ్వాన్సు ఇచ్చి, పంట చేతికి రాగానే ఊరి చివరే తూకం వేసి తీసుకుంటాడు. పోడు చేలో పండిన చోళ్లనూ పసుపునూ రాజ్‌మానూ మాత్రం గిరిజన రైతు నెత్తిన మోసుకుని వారపు సంతకు చేర్చి, దళారీ చెప్పిన ధరకు ఇచ్చి రావాలి. ఈ రెండు బేరాల మధ్య తేడా తెలియని విధానకర్తకు గంజాయి సాగు నేర ప్రవృత్తిగా కనిపిస్తుంది. తెలిసినవారికి అది రోడ్డూ, అప్పూ, ధరా లేనిచోట ఆ మూడింటినీ ఇంటి ముంగిటికి తెచ్చిన పంటగా కనిపిస్తుంది.

ఎండిన సరుకును ప్యాకెట్లుగా నొక్కి, టేపు చుట్టి, గోనె సంచుల్లో కట్టి, చీకట్లో కాలిబాటన రోడ్డు దాకా మోసే కూలీ ఒకడు. కారు అడుగున అమర్చిన రహస్య అరలోనో కూరగాయల బస్తాల కిందనో పెట్టి ఘాట్ రోడ్డు దింపే డ్రైవరు మరొకడు. ఆ వాహనానికి ముందు మోటారుసైకిలుపై వెళ్తూ తనిఖీ ఉందో లేదో ఫోన్‌లో కబురు చేసేవాడు ఇంకొకడు, ఈ పనినే వ్యాపారంలో ‘పైలటింగ్’ అంటారు. అడ్వాన్సు ఇచ్చినవాడు వీరెవరి పక్కనా ఉండడు. చట్టం నేర తీవ్రతను తూకంతో కొలుస్తుంది: గంజాయి ఒక కిలో లోపైతే ‘స్వల్ప పరిమాణం’, ఇరవై కిలోలకు మించితే ‘వాణిజ్య పరిమాణం’. తూకం సంచిది గనుక శిక్ష సంచి పట్టుకున్నవాడికి పడుతుంది, సంచి సొంతదారుకు తరచుగా పడదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత ఈ వ్యాపారంలో అక్షరాలా అమలవుతుంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షన్ ప్రకారం, నిందితుడు దోషి కాడని నమ్మడానికి తగిన కారణాలున్నాయని న్యాయస్థానం ముందే సంతృప్తి చెందితే తప్ప బెయిలు రాదు. అభియోగపత్రం దాఖలుకు 180 రోజుల గడువు ఉంది, దాన్ని ఏడాది వరకు పొడిగించవచ్చు. కూలి డబ్బుకు సంచి మోసిన కుర్రవాడు విచారణ మొదలయ్యేలోగానే రెండు పంటకాలాలు జైల్లో గడుపుతాడు. అతని చోటులోకి మరో కుర్రవాడు దొరకడానికి ఒక్క సంత రోజు చాలు.

నరికిన తోటల స్థానంలో కాఫీ, మిరియాలు, పండ్ల మొక్కలు పెంచడానికి జరిగిన ప్రయత్నం నిజానికి ఈ మొత్తం కథలో అత్యంత ఆశాజనకమైన భాగం. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే పాకించిన మిరియాల తీగ పాడేరు, అరకు కొండలకు కొత్త కాదు. గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసినచోట రైతుకు ధరపై కొంత భరోసా కూడా ఉంది. కాకపోతే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయికి ఆరు నెలలు చాలు. నడుమ ఉన్న మూడేళ్లు రైతు ఏం తినాలన్నదే ప్రత్యామ్నాయ సాగులో అసలు చిక్కు, దానికి జవాబు పోలీసు శాఖ దగ్గర ఉండదు. ఆంధ్ర వైపు ఒత్తిడి పెరిగాక సరుకు అధికంగా ఒడిశాలోని మల్కన్‌గిరి, కొరాపుట్ జిల్లాల నుంచి వస్తోందని పోలీసులే చెబుతున్నారు. గాలి నింపిన బుడగను ఒకచోట నొక్కితే మరోచోట ఉబ్బినట్లు సాగు తరలిపోవడాన్ని నిపుణులు ‘బెలూన్ ప్రభావం’ అంటారు.

స్థలం మారినట్లే రూపమూ మారుతుంది. నిషేధం ఎంత బిగిస్తే సరుకు అంత గాఢమవుతుందన్న పరిశీలనకు అమెరికన్ రచయిత రిచర్డ్ కోవన్ 1986లో ‘నిషేధపు ఉక్కు సూత్రం’ అని పేరు పెట్టాడు: దాచడానికి చిన్నదిగా, అమ్మడానికి ఖరీదైనదిగా ఉండే సరుకే దొంగదారిలో నెగ్గుకొస్తుంది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం నడిచిన కాలంలో బీరు తగ్గి ఘాటు సారాయి పెరగడం అందుకు పాత ఉదాహరణ. మన్యంలో దాని పేరు ‘లిక్విడ్ గంజాయి’, అంటే హ్యాష్ ఆయిల్: బస్తా సరుకులోని మత్తును చిన్న సీసాల్లోకి దించి ఘాట్ రోడ్డు దాటించే ఉపాయం. తెలంగాణలో ఇదే ధోరణి మరో వేషంలో కనిపిస్తుంది. తాటి, ఈత చెట్లు గిరాకీకి చాలనిచోట నీళ్లలో ఆల్ప్రాజోలం, డైజిపామ్ వంటి నిద్రమత్తు మందులు కలిపి కల్లుగా అమ్ముతారు. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమై ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాల్లో తాగుడు మానలేని జనం వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు క్యూ కట్టారు. సరఫరా ఆపిన ప్రభుత్వం ఆ మందుకు బానిసైన శరీరానికి ముందుగా ఏ ఏర్పాటూ చేయలేదు.

నిషేధం తాకకూడని వారినీ తాకింది. క్యాన్సర్ చివరి దశలో భరించరాని నొప్పికి వాడే మార్ఫిన్ నల్లమందు నుంచే తయారవుతుంది. 1985 చట్టం తరువాత ఒక్కో ఆసుపత్రి పలు లైసెన్సులు సంపాదించాల్సి రావడం, చిన్న లెక్క తప్పినా జైలు భయం ఉండడంతో మందుల దుకాణాలు దాన్ని నిల్వ చేయడమే మానేశాయి. అంతకుముందు ఏటా వందల కిలోల్లో ఉన్న దేశీయ వైద్య వినియోగం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు ఎగుమతి చేసే దేశంలోనే రోగులు మార్ఫిన్ లేక మూలుగుతూ మరణించారు. లైసెన్సుల విధానాన్ని సడలించే సవరణ 2014లో గాని రాలేదు. నిషేధ ఫలితాల పట్టికలో ఈ మరణాలకు గడి ఎక్కడా లేదు.

ఇంత చెప్పిన తరువాత చట్టాన్ని ఎత్తేయడమే పరిష్కారమని తేల్చడం తేలిక, కానీ సరికాదు. ఎయిమ్స్ నిర్వహించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, భంగుతో కలిపి గంజాయి ఉత్పత్తులు వాడేవారు సుమారు 2.8 శాతం. చట్టబద్ధంగా, వీధివీధినా దొరికేదాన్నే జనం ఎక్కువగా వాడతారన్న మాటను ఈ తేడా బలపరుస్తుంది. నిషేధానికి ఏ ప్రభావమూ లేదనేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో అన్ని మత్తుపదార్థాల సొంత వాడకానికీ నేరశిక్ష తీసేసి, చికిత్స కేంద్రాలు సకాలంలో నిలదొక్కుకోక, 2024లో వెనక్కి తగ్గింది. పోర్చుగల్ 2001లో అదే పని చేసినా ముందుగా చికిత్సా వ్యవస్థను సిద్ధం చేసుకుంది: పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవారిని కోర్టుకు కాక, వైద్యులూ సామాజిక కార్యకర్తలూ ఉండే సంఘం ముందుకు పంపుతుంది, అమ్మకందారును మాత్రం ఇప్పటికీ జైలుకే పంపుతుంది. రెండు చోట్లా చట్టం ఒకే దిశలో మారింది, ఆసుపత్రి ఒకచోటే సిద్ధంగా ఉంది.

కాబట్టి ప్రశ్నను విడదీసి అడగాలి. దొంగచాటుగా ఆల్ప్రాజోలం తయారుచేసే ఫ్యాక్టరీపై, హెరాయిన్ ముఠాపై, అడ్వాన్సు ఇచ్చి కొండెక్కే వ్యాపారిపై నిషేధం సమర్థనీయమే, ఇంకా పదునుగా అమలు కావలసిందే. వాడేవాడిపైనా సంచి మోసేవాడిపైనా అది నలభై ఏళ్లుగా విఫలమవుతోంది. వాడేవాడి విషయంలో ఈ విభజనకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం కూడా లేదు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే, ఆ కేసులో అతనిపై విచారణ నడవదు. మత్తు విముక్తికి జాతీయ ఉచిత సహాయ నంబరు 14446.