కట్టెల పొయ్యి: ఎన్నిక, పరీక్ష

శీతదేశములందు గృహస్థుడు కట్టెల పొయ్యి నెన్నుకొనునపుడు గది యెంత వెచ్చబడునని విచారించును. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందు అట్టి యవసరము లేదు. ఇచ్చట పొయ్యి వంటకును, స్నానపు నీళ్లకును మాత్రమే. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. వంటయింటి పొయ్యి మాత్రము మారలేదు. తెలుగువారు పొయ్యి యన్నను, తమిళులు అడుప్పు అన్నను, కంట నీరు తెప్పించు పొగ యొక్కటియే.

ఈ పొగ కంటిమంటతో పోవునది కాదు. ఇంటిలోని పొగ పెద్దల దీర్ఘకాలిక శ్వాసరోగములకును, పసిబిడ్డల న్యుమోనియాకును కారణమగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. దానిని ఎక్కువగా పీల్చువారు పొయ్యియొద్ద గూర్చుండు స్త్రీలును, వారి చెంతనుండు శిశువులును. కనుక పొయ్యి యెన్నిక అల్పవిషయము కాదు.

ఈ సమస్యను శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజుగారు ముఖ్యులు. వారి ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను పుస్తకము 1953లో మద్రాసున ప్రకటితమైనది. మూసిన మట్టిపొయ్యిలో ఒకే మంట వరుసగా పలు పాత్రలను కాచి, మిగిలిన పొగ గొట్టముద్వారా ఇల్లు దాటిపోవుటయే వారి పద్ధతి. తరువాత కేంద్రప్రభుత్వము 1980లనుండి 2002 వరకు మెఱుగుపఱచిన పొయ్యిలను దేశమంతట ప్రచారము చేసెను. వానిలో పెక్కు మూలబడినవి. గొట్టములో మసి పేరుకొనుట, పాత్ర రంధ్రమునకు సరిపడకుండుట, బాగుచేయువాడు లేకుండుట ఇందుకు ముఖ్యకారణములు.

మంచి పొయ్యి తక్కువ కట్టెతో ఎక్కువ పని చేయవలయును. ఒక లెక్క చూతము. అయిదు కిలోల నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకు 350 కిలోకాలరీలు కావలయును. గాలికి ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకాలరీల వేడి నిచ్చును. మూడురాళ్ల పొయ్యిలో పదియవవంతు మాత్రమే పాత్రకు చేరునన్నచో కిలో కట్టె పట్టును; నాలుగవవంతు చేరినచో 400 గ్రాములు చాలును. కదల్పదగిన పొయ్యిలకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 13152 ప్రకారము సహజముగా వచ్చు గాలితో మండువానికి కనీసము 25 శాతము, ఫానుతో గాలి నూదువానికి 35 శాతము సామర్థ్యముండవలయును.

కొనుటకు ముందు మన పాత్రలోనే, మన కట్టెతోనే నీళ్లు కాచి చూడవలయును. సవుకైనను, సీమతుమ్మయైనను ఎండినదై యుండవలయును. పచ్చికట్టెలోని నీరు ఆవిరియగుటకే వేడిలో కొంత వ్యర్థమగును. గొట్టము ఇంటికప్పునకు పైగా నిలువవలయును. తాటాకు కప్పునకు తగులరాదు. మసి తీయుటకు వీలుండవలయును. క్రింద బూడిద రాలు జల్లెడచట్ర మున్నచో గాలి బాగుగా నాడును.

ఎంత మంచిదైనను కట్టెల పొయ్యి గ్యాసువలె నిర్మలము కాదు. గ్యాసు గల యింట నిత్యవంటకు దానినే వాడి, కట్టెను నీళ్లకును, పెద్దవంటలకును ఆరుబయట నుంచుట మేలు. పొయ్యిని ఎన్నుకొనునపుడు తుదిమాట దానియెదుట నిత్యము కూర్చుండు ఇల్లాలిదై యుండవలయును. పొగ యెవరి కన్నులను బాధించునో వారికే దాని మంచిచెడ్డలు తెలియును.