సహకార సంఘమునకు యజమాని యెవరు?



చిలపల నూలు పంచు దినమున మన సంఘము వాకిట నిలుచుటకు చోటుండదు. మహాజన సభ దినమున మాత్రము వేసిన కుర్చీలు సగము ఖాళీగా నుండును. ఎందుకు రాలేదని అడిగితే, "లెక్కలు మీరు చూచుకొనుచున్నారు గదా సెక్రటరీగారూ, మేమొచ్చి చేసేదేముందండీ?" అని పలువురు మంచి మనసుతోనే అందురు. ఆ మాటలో మాయందు నమ్మకమున్నది, అందుకు సంతోషమే. కాని ఆ నమ్మకమే సంఘమునకు ఎట్లు చేటు తెచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇందుకు రైతుల సంఘముల కథలనే ఎక్కువగా తీసికొనుచున్నాము. నూలైనా, ధాన్యమైనా, కాఫీ గింజలైనా సహకార సంఘము నడుచు తీరు ఒక్కటే గదా.

మేము హూడి నుండి వ్రాయుచున్నాము. బెంగుళూరు తూర్పు ప్రక్కనున్న ఈ ఊరు ఒకప్పుడు పల్లె. నేడు చుట్టును కంపెనీల మేడలు, అపార్టుమెంటులు. 2023 నుండి మెట్రో రైలు కూడ వచ్చినది. మన పిల్లలు మగ్గము విడిచి ఆ మేడలలో పనికి పోవుచున్నారు. ఇట్టిచోట మగ్గము నిలువవలెనన్న సంఘము నిలువవలెను.

మొదట మూలము చూతము. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు కూడి సరకుల దుకాణ మొకటి తెరచిరి. వారిలో నేతవారును ఉండిరి. వారి నియమములలో రెండు ముఖ్యమైనవి. వాటాలు ఎన్ని ఉన్నను మనిషికి ఒక్కటే ఓటు. మిగులు ధనము ఎవరెంత సరకు కొనిరో ఆ లెక్కన పంచవలెను. అనగా సంఘములో పెద్ద షావుకారు, చిన్న షావుకారు అని లేరు. యజమానులు సభ్యులే.

ఈ యజమానత్వము సభ్యుల చేయి జారిపోయిన ఏమగునో ఆఫ్రికా ఖండమున చూడవచ్చును. నేటి టాంజానియా దేశములో కిలిమంజారో పర్వతపు వాలులలో కాఫీ పండించు చాగ్గా రైతులు కలరు. వారి సంఘములు 1933లో ఒక యూనియనుగా ఏర్పడి, కాఫీని కలిసి అమ్ముకొనసాగెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దేశమంతటను సహకార సంఘములు త్వరత్వరగా వెలసెను. వానిపై ఫిర్యాదులు రాగా 1966లో ప్రభుత్వము విచారణ సంఘమును వేసెను. సభ్యులకు తమ సంఘము సంగతులు తెలియవనియు, పని తెలిసిన సిబ్బంది చాలరనియు, రాజకీయ జోక్యము హెచ్చినదనియు ఆ విచారణలో తేలెను. 1976లో ప్రభుత్వము సహకార యూనియనులనే రద్దు చేసెను. పంట కొనుట ప్రభుత్వ సంస్థల పాలయ్యెను. ధర బాగులేదని రైతు అడుగుటకు తనదైన సభ లేకపోయెను. 1982లో చట్టము చేసి సంఘములను మరల అనుమతించిరి. 1991 నాటి చట్టము సంఘము సభ్యులదేనని గుర్తించెను.

దీనినిబట్టి ప్రభుత్వము తొలగిన చాలునని తలపరాదు. ప్రక్కనే యున్న కెన్యాలో 1997 నాటి చట్టము సంఘములపై ప్రభుత్వపు పెత్తనమును చాలవరకు తీసివేసెను. సభ్యులు కనిపెట్టి చూడని సంఘములలో పాలకవర్గములవారు ధనమును ఇష్టము వచ్చినట్లు వాడుకొనిరి. కడకు 2004లో చట్టము సవరించి ప్రభుత్వ పర్యవేక్షణను తిరిగి తేవలసివచ్చెను.

మన తెలుగు రైతులు బాగుగా నడుపుకొనిన సంఘమును కూడ చెప్పవలెను. నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో 1956లో కాశీ విశ్వనాథరెడ్డిగారు రైతులను కూర్చి సహకార సంఘము పెట్టిరి. అప్పు, ఎరువు, విత్తనము, ధాన్యము అమ్మకము అన్నియు రైతునకు ఒక్కచోటనే దొరకునట్లు చేసిరి. అప్పిచ్చిన సంఘమే పంటను అమ్మిపెట్టుటచే బాకీ వసూలగుటకును వీలు కలిగెను. నూలిచ్చి బట్ట తీసికొను మన పద్ధతియు ఇట్టిదే. తరువాత ఆ ప్రాంతపు స్త్రీలు తమ సొంత పాడి సంఘమును స్థాపించుకొనిరి. దాని పాలకవర్గమందు స్త్రీలే యున్నారు.

చట్టములు కూడ ఈ త్రోవకు తోడ్పడినవి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘములు ప్రభుత్వపు వాటా ధనము లేక సభ్యుల ధనముతో నడువవలెను. ఎన్నిక, మహాజన సభ, ఆడిట్ సకాలమున జరుపని డైరెక్టర్లు పదవికి అనర్హులగుదురు. కర్ణాటకలో 1997లో చేసిన సౌహార్ద సహకారి చట్టము 2001లో అమలునకు వచ్చెను. అయినను ఏ చట్టమును మన బదులు మహాజన సభకు వచ్చి కూర్చుండదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేము సభలో జమాఖర్చులు చదివి, మిగులు ఇంత, బోనసు ఇంత అని చెప్పితిమి. అందరు చప్పట్లు కొట్టిరి. కండెలు చుట్టు పెద్దమ్మ యొకామె లేచి, "బీరువాలో ఇన్ని చీరలున్నాయని చదివారు నాయనా, వాటిని విప్పి చూసిందెవరు?" అని అడిగెను. మావద్ద జవాబు లేదు. మరునాడు ఆమెయు, మరి ఇద్దరు సభ్యులును ఎదుట నుండగా చీరలు దింపితిమి. సంఖ్య సరిపోయెను. కాని పాత చీరలు కొన్ని మడతలలో రంగు వెలిసి యుండెను. కొన్నింటి జరీ నల్లబడెను. అవి ఆ ధరకు అమ్ముడుపోవు. పుస్తకములో మాత్రము మేము పూర్తి ధరకే వ్రాసియుంటిమి. ధర తగ్గించి వ్రాయగా మిగులు మాయమయ్యెను. ఆ బోనసు పంచియున్నచో మన వాటా ధనమునే మనము తినినట్లయ్యెడిది. మేము దొంగిలించినది లేదు. అయినను అడుగువారు లేనందున తప్పు సాగిపోయెను. ఆ పెద్దమ్మ బడికి పోయినది కాదు. చీర సంగతి ఆమెకు తెలియును, అంతియే.

కావున ఈసారి సభలో ప్రతి సభ్యుడును, సభ్యురాలును ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము.

1. ఎంత నూలు కొంటిమి, ఎంత బట్ట వచ్చినది, తరుగు ఎంత?

2. నిలువ సరకును ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టిరి? పాత సరకునకు ఏ ధర వేసిరి?

3. అప్పు తెచ్చి వాడినవారిలో పాలకవర్గమువారు, వారి బంధువులు ఎందరు? బాకీ ఎంత?

4. గత సంవత్సరపు ఆడిటరు చూపిన లోపములలో ఏవి దిద్దితిరి?

జవాబు చెప్పవలసినవారము మేమే. అడిగినందుకు మాకు కోపము రాదు. వచ్చినను మీరు మానవలదు. మగ్గము మీద పోగు తెగినప్పుడే ముడివేయుదుము గాని, బట్ట దిగిన పిమ్మట వేయలేము గదా. ఇంటికొకరు గాక, సభ్యత్వమున్న స్త్రీలును తప్పక సభకు రావలెనని మనవి.